విమానం కిటికీ మీద గీతలు: అపోహలు, వాస్తవాలు

విమానాల మెయింటెనెన్స్‌లో పని చేస్తాను. ఇల్లు రేణిగుంటలో. సెలవు పెట్టి ఇంటికొస్తే చాలు, బైక్ హెడ్‌లైట్ మసకబారిందని ఒకరు, హెల్మెట్ అద్దానికి గీతలు పడ్డాయని ఒకరు తయారు. "అన్నా, నువ్వు ఫ్లైట్ అద్దాలే పాలిష్ పడతావంట కదా!" అవి వేరే ప్లాస్టిక్‌లురా అంటే వినరు. కింద రాసిన అపోహలు చాలావరకు వాళ్ల నోట విన్నవే.

అపోహ: విమానం కిటికీ అంటే గాజే కదా.

పెద్ద విమానాల్లో పైలట్ ముందుండేది గాజు పొరల అద్దం. ప్రయాణికుల పక్కనుండే కిటికీ మాత్రం అక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్. చిన్న విమానాల్లో ముందు అద్దం కూడా చాలావరకు అక్రిలిక్కే. తేలిగ్గా ఉంటుంది, కానీ గాజంత గట్టిది కాదు. పొడి గుడ్డతో తుడిచామంటే పైనున్న దుమ్మే ఎమ్రీ పేపర్‌లా గీరుతుంది. పైగా రుద్దేకొద్దీ స్టాటిక్ కరెంటు పుట్టి ఇంకాస్త దుమ్మును లాక్కుంటుంది. అందుకే ముందు నీళ్లు ధారగా పోసి, తర్వాత సబ్బు నీళ్లతో వట్టి అరచేత్తో కడుగుతాం. ఇసుక రేణువు తగిలితే చేతికి తెలుస్తుంది, గుడ్డకు తెలీదు. వాచీ, ఉంగరం ముందే తీసేయాలి. మా ఊరివాళ్లకు ఇదో ఇబ్బంది. సగం మంది వేలికి స్వామివారి ఉంగరం ఉంటుంది, తీయాలంటే మనసొప్పదు. నాది మాత్రం పని అయ్యేదాకా టిఫిన్ బాక్సులో ఉంటుంది.

అపోహ: పాలిష్ పెడితే గీత పూడిపోతుంది.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. గీత అంటే ఒక గుంట. పాలిష్ దాన్ని పూడ్చదు. గుంట అడుగు ఎంత లోతుందో అంత దాకా చుట్టుపక్కల మెరకను అరగదీయడమే మేం చేసే పని. అంటే గీత పోయిందంటే కిటికీ ఆ మేరకు పలచబడిందన్నమాట. కాబట్టి ముందు అల్ట్రాసోనిక్ గేజ్‌తో మందం చూస్తాం. ఆ విమానం మాన్యువల్లో ఇచ్చిన కనీస మందం కంటే తగ్గేలా ఉంటే ఇక ముట్టుకోం, కిటికీ మార్చడమే.

గీతకు అడ్డంగా గోరు లాగితే సంగతి సగం తెలిసిపోతుంది. గోరు పట్టుకోకపోతే సాధారణంగా పాలిష్ చాలు. పట్టుకుంటే మైక్రోమెష్ పేపర్లు, అంటే బాగా సన్నరకం ఎమ్రీ పేపర్ల లాంటివి, తీయాలి. 1500తో మొదలైతే 12000 దాకా ఒక్కో గ్రేడు నున్నబడుతూ పోతుంది. నీళ్లు పెడుతూ, ఒక గ్రేడు నిలువుగా రుద్దితే తర్వాతిది అడ్డంగా రుద్దాలి. నిలువు గీతలన్నీ మాయమయ్యాకే మూడోది. తొందరపడి మధ్యలో రెండు గ్రేడులు ఎగ్గొట్టామో, 8000 దగ్గర పాత గీత తీరిగ్గా పైకి తేలుతుంది. మళ్లీ మొదటికి.

అపోహ: గీత ఉన్నచోట రుద్దితే చాలు.

కొత్తలో నేనూ అదే చేశాను. వేలెడు గీత. అక్కడే గంటన్నర రుద్దాను. గీత పోయింది, మెరుపొచ్చింది, నాకేమో గర్వమొచ్చింది. మా సీనియర్ వచ్చి ఏమీ అనకుండా కిటికీ వెనక గళ్ల చార్టు పట్టుకున్నాడు. నేను రుద్దినచోట గళ్లన్నీ నీళ్లలో నీడలా వంకర్లు తిరిగాయి. అక్కడ పల్లం పడి లెన్స్ తయారైంది. కిటికీ రిజెక్ట్. గీతకు చుట్టూ చాలా మేర వెడల్పుగా, అంచులు తెలీకుండా పలచన చేసుకుంటూ రావాలని ఆ రోజు అర్థమైంది.

అపోహ: మిషన్ పెడితే పని త్వరగా అయిపోతుంది.

ఒకేచోట ఆపితే వేడెక్కుతుంది. 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో అక్రిలిక్ మెత్తబడుతుంది. గీత పోయి మచ్చ మిగులుతుంది.

అపోహ: టూత్‌పేస్ట్ చాలు.

అందులోనూ అరగదీసే పొడే ఉంటుంది. ఎంత గరుకో ట్యూబు మీద రాసి ఉండదు. పళ్లకు వాడుకోండి.

అపోహ: పెట్రోలు, థిన్నర్, అద్దాల స్ప్రే వేస్తే తళతళలాడుతుంది.

ఆ పూటకు తళతళే. పెట్రోలు, థిన్నర్, అసిటోన్, అమ్మోనియా కలిసిన స్ప్రేలు అక్రిలిక్‌కు పడవు. తర్వాత క్రేజింగ్ వస్తుంది. అంటే వెంట్రుక కన్నా సన్నని పగుళ్లు. ఎండకు ఒక వాలులో చూస్తే వెండి పొడి చల్లినట్టు మెరుస్తాయి, తల కాస్త పక్కకు తిప్పితే మాయం. ఇవి వట్టి గీతలు కావు, లోపలి ఒత్తిడి బయటపడిన గుర్తులు. లోతుగా ఉంటే పాలిష్ పనికిరాదు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలాక పై గాలుల్లో చేరిన సల్ఫ్యూరిక్ ఆమ్లం తుంపర వల్ల విమానాల కిటికీలకు క్రేజింగ్ మామూలు కంటే త్వరగా వచ్చింది. ఆకాశంలోని తుంపరకే అంత జరిగితే, డబ్బాలోని థిన్నర్ సంగతి చెప్పాలా?

అపోహ: కిటికీకి గీతలుంటే ప్రయాణం ప్రమాదం.

మా పిన్నమ్మ హైదరాబాద్ నుంచి దిగీ దిగగానే మొదలుపెట్టింది. "ఒరే అబ్బోడా, ఆ కిటికీకి అన్నీ గీతలే. లోపల చిన్న బొక్క కూడా ఉండాది. వచ్చిందాకా గోవిందా గోవిందా అనుకుంటానే ఉండా."

మామూలుగా అక్కడ మూడు పలకలుంటాయి. గాలి ఒత్తిడి భారం మోసేది బయటిది. మధ్యది దానికి తోడు. ఆ చిన్న రంధ్రం మధ్య పలకలో కావాలనే పెట్టింది, ఒత్తిడి బయటి పలక మీదికి పోవడానికి, కిటికీకి ఆవిరి పట్టకుండా ఉండటానికి. మన చేతికి తగిలేది మూడోది, భారం మోయదు. మిగతా రెంటికీ మన చేతులు తగలకుండా అడ్డం పెట్టిన పలక. నీకు కనబడిన గీతలు చాలావరకు అక్కడివే.

అంతా విని పిన్నమ్మ చేతి గాజులు ఒకసారి వెనక్కి తోసుకుంది. "అట్లయితే ఒకటి నాదే. కిటికీకి ఆనుకోని నిద్రపోయినా."