తోటలో విందు: మా వైపు వినిపించే అపోహలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల తోటల్లో జరిగే విందులకు పందిరి, వంట రెండూ మేమే చూసుకుంటాం. బుకింగ్‌కి వచ్చినవాళ్లు ముందు లైటింగ్ గురించి అడుగుతారు. నేను ముందు అడిగేది ఏ నెల అని.

అపోహ: కార్తీకమాసమే తోట విందుకు అనువైన కాలం.

ఉసిరిచెట్టు కింద వనభోజనాలు మన ఆచారం, మానమని చెప్పను. కానీ హైదరాబాద్ లెక్క ఇక్కడ పనికిరాదు. అక్కడ వానలు వెనకబట్టే వేళకు మనకు ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారాయి కదా. కార్తీకంలో పెట్టుకుంటే పక్కనే ఒక హాలో, రేకుల షెడ్డో మాట్లాడి ఉంచుకోండి. షామియానా గుడ్డ ఎండకు ఆగుతుంది గానీ వానకు ఆగదు. నీళ్లు నిలిచి కుంగిపోతుంది.

అపోహ: మామిడిచెట్టు నీడ ఉండగా పందిరెందుకు?

జనవరి, ఫిబ్రవరిలో చల్లగా, హాయిగా ఉంటుంది, నిజమే. అప్పుడే మామిడి పూత కూడా. పూతకు తేనెమంచు పురుగు పట్టిందంటే జిగురు కారుతుంది. ఒక షష్టిపూర్తికి మధ్యాహ్నం పరిచిన తెల్లగుడ్డ సాయంత్రానికి వేళ్లకు అతుక్కుంది. అరటాకుల మీద కూడా సన్నని మెరిసే చుక్కలు. ఆ పెద్దాయన ఒక్క మాట అనలేదు, మాకే మనసు చివుక్కుమంది. రైతులు మందు కొట్టేదీ ఆ రోజుల్లోనే. ఎప్పుడు కొట్టారో కనుక్కోకుండా ఇప్పుడు ఏ తోటా ఒప్పుకోను.

అపోహ: ఆరుబయట గాలాడుతుంది, వంటలు పాడవవు.

నాకు అన్నిటికన్నా టెన్షన్ దీని గురించే. వేడి పదార్థాలు 60 డిగ్రీల పైన, చల్లనివి 5 లోపల ఉండాలి. ఆ మధ్యలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే ఒక్క గంటే. మన మే నెల ఎండలో కొబ్బరి చట్నీ అన్నిటికన్నా ముందు పోతుంది. అందుకే చిన్న గిన్నెల్లో కొద్దికొద్దిగా తెప్పిస్తాం. సంగటి ముద్దలు కూడా పంక్తి కూర్చున్నాకే కడతాం.

దోమలకు కాయిల్స్ చాలనుకుంటారు. బయట పొగ నిలవదు. కాళ్ల వైపు ఫ్యాన్లు పెట్టండి, దోమలు గట్టి గాలికి ఎదురు ఎగరలేవు. ఊరవతలి తోట అయినా సరే, రాత్రి 10 దాటితే ఆరుబయట మైకు కుదరదు, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు అక్కడా వర్తిస్తాయి.

ఇంకొకటి. పచ్చగా కనబడాలని పార్టీ రోజు పొద్దున్నే గడ్డికి నీళ్లు పెట్టేస్తారు. దయచేసి రెండు రోజుల ముందే ఆపేయండి. మెత్తబడ్డ నేలలో కుర్చీ కాళ్లు దిగబడి పెద్దవాళ్లు పడిపోతారు, లైట్ల వైర్లు ఆ తడి మీదే ఉంటాయి.