బొంతల్లో చూసేదేముంది అనేవాళ్లకు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

మా కర్నూలులో ఎవరినైనా "బొంతలు చూడ్డానికి రండి" అని పిలిస్తే మొదట వచ్చే మాట ఒకటే. "బొంతల్లో చూసేదేముంది అక్కా?" ఇరవై ఏళ్లుగా బొంతలు కుడుతున్నాను. నెలకోసారి పదిమందిమి ఎవరో ఒకరి మిద్దె మీద కూడుతాం. ఎండాకాలం రెండు నెలలు మానేస్తాం, ఆ ఎండకు బొంత ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం మనుషుల వల్ల కాదు. ఏడాదికోసారి ఓ హాలు మాట్లాడుకుని కుట్టినవన్నీ వేలాడదీస్తాం. ఈ అపోహలన్నీ అక్కడ నా చెవిన పడ్డవే.

అపోహ: బొంత లేనోళ్ల ఇంటి సామాను. దాన్ని గోడకు తగిలించి చూపించడమేంటి?

లేమిలోంచి పుట్టిందన్న మాట నిజమే, దాచేదేం లేదు. మా అవ్వ చీర చిరిగితే నడిమికి కోసి, అంచులు కలిపి కుట్టి మళ్లీ కట్టేది. అదీ చిరిగితే పిల్లల లంగా అయ్యేది. ఆ తర్వాత బొంతలో పొర. బొంత కూడా చివికిపోతే మసిగుడ్డ. కానీ లేమిలోంచి వచ్చినదాంట్లో అందం ఉండదని ఎవరు చెప్పారు?

అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పొలం పనిలో అరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలు కోసి బొంతలు కుట్టుకున్నారు. 2002లో హ్యూస్టన్‌లోని పెద్ద మ్యూజియంలో, ఆ తర్వాత అదే ఏడాది న్యూయార్క్‌లో వాటిని ప్రదర్శనకు పెట్టారు. 2006లో ఆ బొంతల బొమ్మలతో తపాలా బిళ్లలు కూడా వచ్చాయి. అంత దూరం ఎందుకు, పక్కనే కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్ది తెగ ఆడవాళ్లు కుట్టే కవంది అనే బొంత చూడండి. మనం ఒక కొసన మొదలుపెట్టి వరస తర్వాత వరస కుట్టుకుంటూ రెండో కొసకు పోతాం. వాళ్లు నాలుగంచుల దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడిమధ్యకు వచ్చి ఆగుతారు. మూలల్లో గుడ్డముక్కల్ని పువ్వుల్లా మడిచి పెడతారు. అవి లేకపోతే బొంత పూర్తయినట్టు కాదు వాళ్ల లెక్కలో. ఇది తెలిసి చూస్తే, కుట్టు వెంబడే మన కన్ను కూడా గిరగిరా తిరిగి మధ్యకు చేరుతుంది. తెలియకపోతే రంగురంగుల గుడ్డముక్కలు, అంతే.

అపోహ: కుట్టు రానివాళ్లకు మీటింగులో పనేముంది?

మా గుంపులో అందరికంటే బాగా బొంత చూసే మనిషికి సూదిలో దారం ఎక్కించడం రాదు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. భార్యను దింపడానికి వచ్చి, టీ తాగేదాకా కూర్చోమంటే కూర్చున్నారు. ఒకామె పరిచిన బొంత కేసి కాసేపు చూసి, "అమ్మా, ప్రతి అయిదో ముక్కా నీలం వస్తోంది. ఇదిగో, ఈ వరస నుంచి తప్పింది. ఎందుకు?" అన్నారు. ఆమె నవ్వేసింది. నీలం లంగా అక్కడికి అయిపోయిందట! మూడు నెలలు ఆ బొంతను మేమంతా చూశాం, ఒక్కరం కనిపెట్టలేదు. మేం చూసేది కుట్టు, ఆయన చూసింది లెక్క. ఇప్పుడు ఆయన రాకపోతే మాకు మీటింగు చప్పగా ఉంటుంది.

చూడటానికి నేను చెప్పే పద్ధతి ఇది. ముందు పది అడుగుల దూరంలో నిలబడండి, రంగులు ఎటు లాగుతున్నాయో అక్కడి నుంచే తెలుస్తుంది. తర్వాత మూరెడు దూరానికి వచ్చి కుట్టు చూడండి. ఆఖరున వెనక తిప్పి చూపించమని అడగండి. ముందువైపు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. దారం ఎక్కడ అయిపోయింది, ముడి ఎక్కడ పడింది, ఎక్కడ చెయ్యి మారింది, అన్నీ వెనకే ఉంటాయి. ఒక బొంతలో సగం దాకా బియ్యపు గింజంత కుట్లు, అక్కడి నుంచి చింతగింజంత కుట్లు. అడిగితే, తల్లికి కంటిచూపు తగ్గాక కూతురు అందుకుందన్నారు. తిప్పకపోయి ఉంటే ఆ తల్లీకూతుళ్ల సంగతి మాకు తెలిసేదే కాదు.

అపోహ: తాకనివ్వకపోవడం పొగరు.

కాదండీ, ఉగ్గాణి! ఒక ఏడు హాలు గుమ్మం పక్కనే ఉగ్గాణి, బజ్జీల బండి పెట్టారు. మధ్యాహ్నానికల్లా ఒక తెల్ల మల్లు బొంత మీద సరిగ్గా బొటనవేలంత పసుపు మరక, చుట్టూ నూనె. ఎవరినీ అనలేం, అందరూ ప్రేమగా నిమిరినవాళ్లే. కడుక్కున్న చేతికి కూడా చెమట, జిడ్డు ఉంటాయి. వంద మంది నిమిరితే ఆ చోటు నల్లబడుతుంది. పెద్ద పెద్ద ప్రదర్శనల్లో తెల్ల గ్లౌజులు వేసుకున్న మనిషి ఉంటారు, అడిగితే వాళ్లే తిప్పి చూపిస్తారు. మేమూ అదే మొదలుపెట్టాం. తాకాలనిపిస్తే మీటింగుకు రండి. అక్కడ ఒళ్లో పరుచుకుని కూర్చోవచ్చు, చేతులు కడుక్కుంటే చాలు.

అపోహ: దూది లేనిది బొంత కాదు, దుప్పటి.

"ఆదోని దూది మార్కెట్ పక్కనే పెట్టుకుని దూది లేని బొంతేంటి?" అని ఒకాయన వాదన. మా వైపు ఇళ్లలో కుట్టే బొంతలు చాలావరకు పాత చీరలు, పంచెలు మూడు నుంచి అయిదు పొరలు పేర్చి కుట్టినవే. బెంగాల్ కాంథా కూడా అంతే, పాత చీరల పొరలే. దాని కుట్టుకు దారం కూడా పాత చీర అంచుల్లోంచే లాగేవాళ్లు. పై గుడ్డ, నడుమ దూది, కింద గుడ్డ అన్నది ఒక పద్ధతి. అదొక్కటే పద్ధతి కాదు. దూది వేస్తే వేడి, బరువు రెండూ పెరుగుతాయి. పైగా కుట్లు దూరంగా పడితే ఉతికినప్పుడు దూది గడ్డలు కట్టి పక్కలకు జారిపోతుంది. మా చిన్నప్పుడు దూదేకేవాళ్లు విల్లు భుజాన వేసుకుని వీధిలోకి వస్తే నారి మోత ఇంట్లోకి వినపడేది. గడ్డకట్టిన పరుపుల దూదిని విడదీసి పొంగించేది వాళ్లే. ఇప్పుడు ఆ మోత వినపడటం లేదు, దూది బొంత గడ్డకడితే ఎవరికివ్వాలో తెలియదు. నన్నడిగితే కర్నూలు వాతావరణానికి పొరల బొంతే హాయి.

అపోహ: మెషిన్ మీద కుడితే అది మోసం.

నేను చేత్తోనే కుడతాను. అది నా ఇష్టం, నా మొండితనం. మెషిన్ బొంతలో గీత నిటారుగా ఉందా, మలుపు దగ్గర గుడ్డ ముడతపడిందా చూస్తాం. చేతికుట్టులో కుట్టుకూ కుట్టుకూ మధ్య దూరం సమానంగా ఉందా చూస్తాం. రెండూ వేర్వేరు చూపులు, అంతే. మెషిన్‌దాన్ని చేతికుట్టని చెప్పి అమ్మితే మాత్రం మోసమే.

అపోహ: ప్రదర్శనకు పెట్టారంటే అమ్మకానికే.

"ఎంత?" అని అడగడం తప్పు కాదు. అమ్మనని చెప్పాక "దీనికి అంత టెక్కా" అనడం తప్పు. నాకు ఒక మంచం బొంత పూర్తికావడానికి రోజుకు రెండు గంటల లెక్కన నాలుగు నెలలు పడుతుంది. కూలి మీరే కట్టుకోండి.

అపోహ: మరక, చిరుగు, వెలిసిన రంగు ఉంటే ప్రదర్శనకు పనికిరాదు.

నేనూ ఇదే అనుకునేదాన్ని. 2009 అక్టోబరు 2న కర్నూలులోకి నీళ్లొచ్చినప్పుడు మా ఇల్లు మునిగింది. అవ్వ కుట్టిన బొంత ట్రంకుపెట్టెలో ఉంది. పెట్టె తెరిచేసరికి బొంత బురదముద్ద. ఏడుసార్లు ఉతికాను. వాసన పోయింది, మరక పోలేదు. బొంతను నాలుగు మడతలు వేసి పెట్టాం కదా, బురదనీళ్లు ఒక మూల నుంచి ఎక్కాయి. విప్పితే అదే మరక నాలుగుచోట్ల, సీతాకోకచిలుక రెక్కల్లా ఒకదానికొకటి అద్దంపట్టినట్టు పడింది. ఎర్రచీర రంగు కారి తెల్లపంచె ముక్కలు గులాబీరంగుకు తిరిగాయి.

మొదటిసారి ప్రదర్శనకు పెట్టినప్పుడు సిగ్గేసి, మరకలు గోడవైపుకు తిప్పి ఒక మూలన వేలాడదీయమన్నాను. హాలువాళ్లు దాన్ని నేరుగా మేకులకు గుచ్చారు. సాయంత్రానికి దాని బరువుకే పైఅంచు చిరిగింది. (అప్పటి నుంచి ప్రతి బొంతకూ వెనక పైభాగాన నాలుగంగుళాల గొట్టంలా గుడ్డ కుట్టి, అందులో కర్ర దూర్చి వేలాడదీస్తున్నాం. బరువు అంచు పొడవునా సమానంగా పడుతుంది.) చిరుగు చూద్దామని కిందికి దించి, తిప్పి బల్ల మీద పరిచాను. అటుగా పోతున్న ఒకామె ఆగింది. మరక మీద, తాకకుండా, గాల్లోనే వేలు నడిపింది. "నీళ్లేనా?" అంది. అవునన్నాను. "మా ఇంట్లో గోడ గడియారం కిందిదాకా వచ్చినాయి. మూడు రాత్రులు మిద్దె మీదనే ఉంటిమి" అని మొదలుపెట్టింది. ఆమె మాట విని ఇంకొకరు ఆగారు. కుర్చీలు తెచ్చుకున్నారు. హాలు మూసే టైమయిందని లైట్లు ఆర్పేదాకా ఆ బల్ల దగ్గర నుంచి ఎవరూ కదల్లేదు. పక్కన పట్టుముక్కలతో కుట్టిన బొంత ఉంది, దాన్ని చూసినవాళ్లు లేరు.

1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో ఎయిడ్స్‌తో పోయినవాళ్ల పేర్లు కుట్టిన బొంత పలకలు 1,920 మైదానంలో పరిచారని నాకు తర్వాత తెలిసింది. ఒక్కోటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. వాటిని నీటుగా కుట్టారా లేదా అని ఎవరు చూసి ఉంటారు?

అవ్వ బొంతను ఇప్పుడు మరకలు బయటికి కనపడేలాగే పెడుతున్నాను. చిరిగిన అంచుకు వేరే రంగు దారంతో కుట్టువేశాను, తెలియాలనే. మీ ఇంట్లో పెట్టె అడుగున బొంత ఉంటే మా మిద్దె మీదికి తెండి. దయచేసి ఉతికి మాత్రం తేవద్దు. రంగు కారుతుందో లేదో ముందు తడి తెల్లగుడ్డతో ఒక మూల అద్ది చూడాలి. ఆ మరక ఏమిటో కూడా ముందు మాకు చెప్పాలి కదా.