ఆన్‌లైన్ క్యాసినోలో గెలిచిన డబ్బు ఇవ్వకపోతే: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో సివిల్ దావాలూ సైబర్ కేసులూ రెండూ చూసే వకీలుని. ఈమధ్య ఫోను నా ముందు పెట్టి, "సార్, ఇందులో పదకొండు లక్షలున్నాయి, విత్‌డ్రా కావట్లేదు, ఒక నోటీసు పంపండి చాలు" అనేవాళ్లు ఎక్కువయ్యారు. నేను ముందు అడిగేది మాత్రం మీ బ్యాంకు ఖాతాలోంచి పోయింది ఎంత అని. చట్టంతో ఏమైనా చేయగలిగితే ఆ పోయిన డబ్బు విషయంలోనే.

అపోహ: గెలిచినట్టు స్క్రీన్‌షాట్ ఉంది కాబట్టి దావా వేస్తే కట్టి తీరాలి.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. పందెంలో గెలిచామంటూ ఆ సొమ్ము వసూలుకు దావా వేయడానికీ వీల్లేదు. ఆ సెక్షన్ ఇచ్చిన మినహాయింపు గుర్రప్పందేల్లో 500 రూపాయలు, ఆపైన బహుమతికి వేసే చందాలకు మాత్రమే. 1959లో ఘెరూలాల్ పారఖ్ కేసులో సుప్రీంకోర్టు, పందెం ఒప్పందం చెల్లదు గానీ అంతమాత్రాన చట్టవిరుద్ధం అయిపోదు అంది. ఆ ముక్క పట్టుకొని 'ఇండియాలో బెట్టింగ్ లీగలే' అని యూట్యూబులో చెప్పేవాళ్లున్నారు. ఒప్పందం చెల్లదన్నాక డబ్బు కట్టమనే కోర్టు తీర్పు, అంటే డిక్రీ, మీకు ఎక్కణ్ణుంచి వస్తుంది?

అపోహ: నేనాడింది రమ్మీ. అది నైపుణ్యం ఆటేనని సుప్రీంకోర్టే చెప్పింది.

చెప్పింది, అదీ మన సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు కేసులోనే, 1960లలో. ఆ తర్వాత చట్టాలు మారాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి నిషేధించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ కలిపి కొట్టేసింది. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆ చట్టంలో ఆడినవాళ్లకు శిక్ష లేదు, మన రాష్ట్రాల చట్టాల్లో మాత్రం ఉంది. ఇక వీపీఎన్ పెట్టి బెంగళూరులో ఉన్నట్టు చూపించి ఆడిన బాబులకు ఇంకో చిక్కు. నిబంధన మీరారంటూ డబ్బు ఎగ్గొట్టడానికి కంపెనీకి సాకు మనమే అందించినట్టు. వకీలు దగ్గర ఈ సంగతి దాచకండి.

అపోహ: ముందు 30 శాతం పన్ను కడితే మొత్తం విడుదలవుతుంది.

ఎక్కువమంది మునిగేది ఇక్కడే. ఆన్‌లైన్ ఆటల్లో నికర గెలుపు మీద 30 శాతం పన్ను ఉన్న మాట నిజం. 2023 ఏప్రిల్ నుంచి దాన్ని మూలంలోనే కోస్తున్నారు. మూలంలో కోయడమంటే, ఇచ్చేవాడు తాను ఇవ్వాల్సిన దాంట్లోంచి మినహాయించి ప్రభుత్వానికి జమ చేయడం. అది మీ పాన్ మీద ఆదాయపన్ను శాఖ పోర్టల్‌లో కనిపిస్తుంది. 'పన్ను' అనీ, 'జీఎస్టీ క్లియరెన్స్' అనీ, 'వాలెట్ వెరిఫికేషన్' అనీ మీ చేత ఎవడిదో యూపీఐకి డబ్బు వేయించుకుంటున్నాడంటే అది పన్ను కాదు, రెండో విడత దోపిడీ. ఆ పదకొండు లక్షలు సర్వర్‌లో ఎవడో టైపు చేసిన అంకె అయి ఉండటానికే అవకాశం ఎక్కువ.

అపోహ: మొదట్లో రెండు మూడుసార్లు డబ్బు ఇచ్చారు, కాబట్టి మోసం కాదు.

ఇలాంటి బ్యాంకు స్టేట్‌మెంటు ముందేసుకొని వరసగా చదవండి. డిపాజిట్ పోయిన ప్రతిసారీ పేరు మారుతుంది. ఒకరోజు ఏదో మొబైల్ షాపు, మర్నాడు కూరగాయల దుకాణం, ఆ తర్వాత ఎవరో కుర్రాడి సేవింగ్స్ ఖాతా. ఎక్కడా క్యాసినో పేరుండదు. ఇవన్నీ కమీషన్‌కు అద్దెకిచ్చిన మ్యూల్ ఖాతాలు. మీకు నమ్మకం కలగడానికి వేసిన ఆ రెండు వేలు, మూడు వేలు కూడా అలాంటి ఖాతాల్లోంచే వచ్చాయి. అంటే అది వేరే రాష్ట్రంలో మోసపోయిన ఇంకెవరిదో కావచ్చు. వాళ్లు ఫిర్యాదు చేయగానే అక్కడి పోలీసులు ఆ డబ్బు వెళ్లిన దారంతా ఆపుతారు. ఆ దారిలో మీ జీతం పడే ఖాతా కూడా ఉంటుంది. గెలుపు డబ్బు కోసం వచ్చి, ఖాతా ఫ్రీజ్ తీయించుకోవడంతో సరిపెట్టుకున్న క్లయింట్లు నాకున్నారు. అలా జరిగితే బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబరు, ఆ పోలీస్ స్టేషన్ వివరాలు తీసుకొని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఖాతా మొత్తం కాకుండా వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపాలని కేరళ హైకోర్టు సహా కొన్ని హైకోర్టులు చెప్పాయి. దాన్ని ఆధారం చేసుకుని అడగొచ్చు.

మీరు పోగొట్టుకున్న డిపాజిట్లకూ దారి ఇదే, కాకపోతే ఈసారి మీరు ఫిర్యాదుదారు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు అవుతుంది. ప్రతి లావాదేవీకి బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు, ఎవరికి వెళ్లిందో ఆ యూపీఐ ఐడీ, టెలిగ్రామ్ చాట్ ఉండాలి. చాట్ డిలీట్ చేయకండి, సిగ్గనిపించినా సరే. అవతలి ఖాతాలో ఏమైనా మిగిలి ఆగితే, మేజిస్ట్రేటు కోర్టులో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 503వ సెక్షన్ కింద పిటిషన్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. గంటలు గడిచేకొద్దీ అక్కడ మిగిలేది తగ్గిపోతుంది. అందుకే నా దగ్గరికి రాకముందే 1930కి చేయండి అంటాను.

అపోహ: బ్యాంకువాళ్లే వెనక్కి ఇవ్వాలి.

పిన్ను మీరే కొట్టారు. అనధికార లావాదేవీల మీద రిజర్వు బ్యాంకు ఇచ్చిన రక్షణ దీనికి వర్తించదు. కార్డు చార్జ్‌బ్యాక్, అంటే కార్డుతో కట్టింది బ్యాంకు ద్వారా వెనక్కి అడగడం కూడా మీరు కట్టినదానికేగానీ గెలిచామన్నదానికి కాదు.

అపోహ: విదేశీ లైసెన్సుంది కాబట్టి భయం లేదు.

చాలా సైట్ల అడుగున కురసావో అనే కరీబియన్ దీవి లైసెన్సు ముద్ర కనిపిస్తుంది. కొన్నిచోట్ల అది ఉత్త బొమ్మే, నొక్కితే ఎక్కడికీ పోదు. నియంత్రణ సంస్థ జాబితాలో ఆ కంపెనీ పేరు, ఆ వెబ్‌సైటు చిరునామా రెండూ ఉన్నాయో లేదో చూసి, ఉంటే అక్కడ ఫిర్యాదు పెట్టండి. అక్కడికి నా చేత లీగల్ నోటీసు పంపించి ఫీజు వృథా చేసుకోకండి.

అపోహ: ప్రపంచంలో ఎక్కడా జూదం డబ్బు కోర్టు ఇప్పించదు.

బ్రిటన్‌లో ఇప్పిస్తుంది. అక్కడి 2005 గ్యాంబ్లింగ్ చట్టం 335వ సెక్షన్ వల్ల 2007 సెప్టెంబరు నుంచి జూదం ఒప్పందాలకు కోర్టులో విలువుంది. 2018లో ఒకాయన బెట్‌ఫ్రెడ్‌లో బ్లాక్‌జాక్ ఆడి 17 లక్షల పౌండ్లు గెలిస్తే, సాఫ్ట్‌వేర్ లోపం అని కంపెనీ ఎగ్గొట్టింది. ఎక్కడో నిబంధనల్లో దాచిన మినహాయింపు చెల్లదని 2021లో హైకోర్టు ఆయనకే తీర్పిచ్చింది. లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఉంటూ అక్కడి లైసెన్సున్న సైట్‌లో ఆడిన మనవాళ్లు ముందు కంపెనీకే ఫిర్యాదు చేయాలి. ఎనిమిది వారాల్లో తేలకపోతే ఐబాస్ లాంటి మధ్యవర్తి సంస్థకు ఉచితంగా వెళ్లొచ్చు. అక్కడి జూదం నియంత్రణ సంస్థ గ్యాంబ్లింగ్ కమిషన్ మాత్రం ఒక్కొక్కరి తగాదాలు తీర్చదు. ఇక్కడ కరీంనగర్‌లో కూర్చుని ఆడినవారికి ఈ తీర్పు ఎందుకూ కొరగాదు.

అపోహ: రికవరీ ఏజెంటు శాతం తీసుకుని రాబట్టి ఇస్తాడు.

మీరు మోసపోయారని ఆ ఏజెంటుకు ఎలా తెలిసింది? మీ నంబరు అమ్మింది చాలాసార్లు ఆ మోసగాళ్లే. సైబర్ ఫిర్యాదుకు పోలీసులు రూపాయి తీసుకోరు. వకీలునంటే బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగండి, వకాలత్‌నామా మీద సంతకం పెట్టాకే ఫీజు ఇవ్వండి.