ఆడి అరిగిన పుస్తకాలు: గేమ్‌బుక్ సేకరణలో అపోహలు, వాస్తవాలు

గుహలో దారి రెండుగా చీలుతుంది. ఎడమవైపు వెళ్లాలంటే 112వ భాగం తెరవాలి, కుడివైపు వెళ్లాలంటే 305వది. చదువుతున్న పేజీలో ఒక వేలు ఇరికించి, ప్రాణం మీదికి వస్తే వెనక్కి వచ్చేయవచ్చన్న ధైర్యంతో పేజీలు తిప్పినవారికి ఈ పుస్తకాలేమిటో వివరించనక్కర్లేదు. తెలియనివారికి ఒక్క మాట: కథలో నాయకుడు పాఠకుడే, మలుపు మలుపులోనూ నిర్ణయం అతనిదే. కొన్ని పుస్తకాల్లో ఎంపికలు మాత్రమే ఉంటాయి. కొన్నింటిలో పాచికలు వేసి పోరాడాలి, ఒంట్లో బలం ఎంత మిగిలిందో రాసుకుంటూ పోవాలి. సేకరించేవాళ్లం రెండు రకాలనూ కలిపి గేమ్‌బుక్‌లనే అంటాం.

20 ఏళ్లకు పైగా వీటిని వెతికి తెచ్చుకుంటున్నాను. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం, మామూలు పాత పుస్తకాల సేకరణ నుంచి అరువు తెచ్చుకున్న నమ్మకాలే. ఇవి పిల్లల చేతుల్లో నలగడానికే పుట్టిన పుస్తకాలు. వీటి అరుదుతనాన్నీ, విలువనూ, జబ్బులనూ ఆ నలుగుడు నుంచే అర్థం చేసుకోవాలి.

అపోహ: ఎంత పాతదైతే అంత అరుదు

ఇక్కడ లెక్క దాదాపు తలకిందులు. స్టీవ్ జాక్సన్, ఇయాన్ లివింగ్‌స్టన్ కలిసి రాసిన ‘ది వార్‌లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్’ను 1982లో పఫిన్ ప్రచురించింది. ఫైటింగ్ ఫాంటసీ వరుస దానితోనే మొదలైంది. అది మళ్లీ మళ్లీ అచ్చయింది. ఇప్పటికీ పాత పుస్తకాల గుట్టల్లో అన్నిటికంటే ముందు చేతికి తగిలేది అదే. అదే వరుసలో 59వది, 1995లో వచ్చిన ‘కర్స్ ఆఫ్ ద మమ్మీ’ కోసం మాత్రం సేకర్తలు ఏళ్ల తరబడి కాచుకుని ఉంటారు. 1990లు వచ్చేసరికి పిల్లల తీరికను వీడియో గేమ్‌లు లాగేసుకున్నాయి. అమ్మకాలు పడిపోయిన వరుసకు ప్రచురణకర్త తక్కువ ప్రతులు వేస్తాడు, అవి అయిపోయాక మళ్లీ వేయడు. కాబట్టి వరుస ఎంత పెద్దదైతే దాని తోక అంత సన్నగా ఉంటుంది.

జో డెవర్ రాసిన లోన్ వుల్ఫ్ వరుసదీ ఇదే కథ. 1984 నాటి మొదటి పుస్తకం ఎక్కడైనా కనిపిస్తుంది, 1998లో వచ్చిన 28వది కళ్లజూడడమే కష్టం. అందుకే పూర్తి వరుస కూర్చాలనుకునేవారికి నేను ఒకటే చెబుతాను: చివరి నుంచి వెనక్కి కొనండి. మొదటి పది పుస్తకాలు మీకోసం ఎప్పుడూ ఆగి ఉంటాయి.

దీనికి అనుబంధంగా ఒక హెచ్చరిక. ఫైటింగ్ ఫాంటసీలో 60వ పుస్తకంగా రావలసిన ‘బ్లడ్‌బోన్స్’ను 1990ల్లో పఫిన్ వెలువరించనే లేదు. అది 2006లో మరో సంస్థ ద్వారా బయటికొచ్చింది. ఆ పేరుతో పఫిన్ నాటి ప్రతి ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అపోహ: లోపల ‘మొదట ప్రచురించినది 1983’ అని ఉంటే అది తొలి ముద్రణే

కొత్తవారు ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఆ వాక్యం పుస్తకం మొదట ఏ ఏడు వచ్చిందో చెబుతుంది, మీ చేతిలోని ప్రతి ఎప్పుడు అచ్చయిందో చెప్పదు. పదో ముద్రణలోనూ అదే వాక్యం ఉంటుంది. కన్ను దాని కింది పంక్తుల మీద పడాలి. కొన్ని ప్రచురణల్లో పునర్ముద్రణల సంవత్సరాలను వరుసగా ఇస్తారు. మరికొన్నింటిలో 1 నుంచి 10 వరకు అంకెల వరుస ఒకటి ఉంటుంది. ముద్రణ మారినప్పుడల్లా చిన్న అంకెను తీసేస్తూ పోతారు కాబట్టి, మిగిలిన వాటిలో అతి చిన్నదే మీ ప్రతి ఎన్నో ముద్రణో చెబుతుంది. 4 నుంచి మొదలైతే నాలుగో ముద్రణ. పుస్తకాన్ని గుర్తించే సంఖ్య, ఐఎస్‌బీఎన్, ఈ విషయంలో సాయపడదు, ఎన్ని పునర్ముద్రణలు వచ్చినా అది మారనక్కర్లేదు. ముఖచిత్రం కొంత సాయపడుతుంది గానీ పూర్తిగా కాదు. కొత్త బొమ్మ తర్వాతి ముద్రణను పట్టిస్తుంది. పాత బొమ్మ ఉన్నంత మాత్రాన తొలి ముద్రణ అయిపోదు.

దూరం నుంచి కొనేటప్పుడు అట్ట ఫొటో ఒక్కటే చూసి డబ్బు కట్టకండి. ముద్రణ వివరాల పేజీ, వెన్ను, బలాబలాలు రాసుకునే పేజీ, చిట్టచివరి పేజీ, ఈ నాలుగింటి ఫొటోలూ అడగండి. ఇవ్వడానికి వెనకాడే అమ్మకందారును నేను వదిలేస్తాను.

పేజీలు పూర్తిగా ఉన్నాయో లేదో చూడడం మాత్రం ఈ పుస్తకాల్లో తేలిక. కథ ముందుకూ వెనక్కూ దూకుతుంది గానీ భాగాల అంకెలు 1 నుంచి 400 వరకో, 350 వరకో వరుసగానే నడుస్తాయి. ఎక్కడ అంకె దాటిపోయిందో అక్కడ ఒక ఆకు చిరిగిపోయినట్టు.

అపోహ: పెన్సిల్ గుర్తులుంటే విలువ పోయినట్టే, చెరిపేస్తే తిరిగి వస్తుంది

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి.

పాచికలతో ఆడే పుస్తకాల్లో మొదట్లోనే ఒక పట్టిక ఉంటుంది. నైపుణ్యం, బలం, అదృష్టం ఎంతెంతో, సంచిలో ఏమున్నాయో పిల్లలు అందులో రాసుకుంటారు. ఆ పేజీని నకలు తీసుకుని వాడుకోమని చాలా పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. నకలు తీసే యంత్రం ఎంతమంది పిల్లలకు అందుబాటులో ఉండేది? అందుకే గళ్లలో నేరుగా రాశారు. ఖాళీ పట్టిక ఉన్న ప్రతులు నిజంగానే తక్కువ, వాటికి ధర ఎక్కువ పలకడమూ నిజమే. అపోహ ఆ తర్వాతి మాటలో ఉంది: చెరిపేస్తే ఖాళీ అవుతుందన్నది.

అవ్వదు. ఇవి చవక కాగితం మీద అచ్చయిన పుస్తకాలు. కలప గుజ్జులోని లిగ్నిన్ అనే పదార్థం అందులో అలాగే మిగిలి ఉంటుంది. వెలుతురూ గాలీ తగిలి అది ఆమ్లంగా మారుతుంది, కాగితం పసుపెక్కి పెళుసు బారుతుంది. ఇన్నేళ్ల తర్వాత దాని మీద రబ్బరు రుద్దితే పెన్సిల్ పొడితో పాటు కాగితపు పై పొరా లేచిపోతుంది. ఏటవాలు వెలుతురులో పెట్టి చూస్తే పాత అంకెల గాడి ఇంకా కనిపిస్తుంది, చుట్టూ నూగు లేచిన మచ్చ అదనం. అనుభవమున్న సేకర్త దాన్ని క్షణంలో పట్టేస్తాడు.

నేను తొలి రోజుల్లో ఒక పుస్తకానికి ఈ పని చేశాను. ఆ పట్టికలో ఒక పిల్లవాడి బలం 21 నుంచి మొదలై 19, 17, 13, 6 అంటూ దిగుతూ వచ్చింది. 2 దగ్గర అంకె రెండుసార్లు దిద్ది ఉంది. సంచిలో తాడు, లాంతరు, ‘కంచు తాళంచెవి (ఎక్కడ వాడాలో తెలియదు)’ అని రాసుకున్నాడు. శుభ్రం చేస్తున్నాననుకుని అదంతా తుడిచేశాను. కాగితం పలచబడి వెనక పేజీ అక్షరాలు కనిపించడం మొదలైంది. ఆ తాళంచెవి ఏ భాగంలో దొరుకుతుందో నాకు తెలుసు, ఎక్కడ వాడాలో కూడా తెలుసు. ఆ పిల్లవాడు ఏ దారిలో వెళ్లి దాన్ని సంపాదించాడో ఆ అంకెలను బట్టి తెలుసుకోగలిగేవాణ్ని. ఇప్పుడు ఆ అవకాశం లేదు. ఆ పుస్తకాన్ని అమ్మలేదు, అమ్మను.

పెన్సిలైనా పెన్నైనా ఉన్నది ఉన్నట్టే ఉంచండి. అమ్మేటప్పుడు ఉన్నట్టే చెప్పండి. రాతలున్న ప్రతుల్నే ఇష్టపడి కొనేవారూ ఉన్నారు, వారిలో నేనొకణ్ని.

అపోహ: ఏ దారిలోనూ చేరలేని పేజీ ఉంటే అది అచ్చుతప్పు

చాలాసార్లు అచ్చుతప్పే. వందలకొద్దీ భాగాలను అంకెలతో ముడివేసే పనిలో ఒక్క అంకె మారినా ఒక దారి మొత్తం మూసుకుపోతుంది. కానీ ఎడ్వర్డ్ పకార్డ్ 1982లో రాసిన ‘ఇన్‌సైడ్ యూఎఫ్‌ఓ 54-40’లో అందరూ వెతికే స్వర్గంలాంటి గ్రహం ఒకటుంది. దానికి ఏ ఎంపికా దారితీయదు. నియమాలను పక్కనపెట్టి, పేజీలు ఊరికే తిరగేసే పాఠకుడికే అది దొరుకుతుంది. రచయిత కావాలని చేసిన పని అది. పాత పుస్తకాల మధ్య నిలబడి ఆ పేజీని మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది. అచ్చుతప్పు ప్రతి అంటూ ఎక్కువ ధర చెబితే మాత్రం, అదే తప్పు తర్వాతి ముద్రణల్లో దిద్దారో లేదో పోల్చి చూడండి. దిద్దకపోతే అన్ని ప్రతుల్లోనూ ఉన్న తప్పే అది, అందులో అరుదేమీ లేదు.

అపోహ: ఈ పుస్తకాలు 1979లో పుట్టాయి

పేరు తెచ్చుకున్నది అప్పుడే. ఆ ఏడు బాంటమ్ సంస్థ చూజ్ యువర్ ఓన్ అడ్వెంచర్ వరుసను మొదలుపెట్టింది. 1998లో ఆగేసరికి 184 పుస్తకాలు వచ్చాయి, 25 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయని అంటారు. కానీ వరుసలో మొదటి పుస్తకం రాసిన పకార్డే అంతకు పదేళ్ల ముందు, 1969లో, ‘షుగర్‌కేన్ ఐలండ్’ రాసుకున్నాడు. దాన్ని 1976లో ఒక చిన్న సంస్థ ప్రచురించింది. పాచికలతో ఒంటరిగా ఆడే ‘బఫలో కాజిల్’ కూడా 1976దే. ఫ్రెంచ్ రచయిత రేమోఁ కెనో పాఠకుడు ఎంచుకుంటూ చదివే కథను 1967లో రాశాడు. ఇంకా వెనక్కి వెళితే, డోరిస్ వెబ్‌స్టర్, మేరీ ఆల్డెన్ హాప్కిన్స్ అనే ఇద్దరు రచయిత్రులు 1930లోనే ‘కన్సిడర్ ద కాన్సిక్వెన్సెస్!’ వెలువరించారు. అందరూ 1980ల పుస్తకాల కోసం పోటీ పడుతున్నప్పుడు, వీటి పేర్లు తెలిసినవారు ఎవరూ పట్టించుకోని అరల్లో వెతుకుతారు.

అపోహ: ఒకే పేరుంటే ఒకే రచయిత

ఫైటింగ్ ఫాంటసీలో ఇద్దరు స్టీవ్ జాక్సన్‌లు రాశారు. ఒకరు వరుసను స్థాపించిన బ్రిటిష్ రచయిత. మరొకరు అమెరికన్. ‘స్కార్పియన్ స్వాంప్’, ‘డెమన్స్ ఆఫ్ ద డీప్’, ‘రోబోట్ కమాండో’ అమెరికన్ రాసినవి. సంతకం చేసిన ప్రతి కొనేముందు ఏ పుస్తకం మీద ఎవరి సంతకం ఉందో చూసుకోండి.

అపోహ: ప్లాస్టిక్ తొడుగు వేస్తే పుస్తకం క్షేమం

ఏ ప్లాస్టిక్ అన్నది ముఖ్యం. మెత్తగా, ఒక రకమైన వాసన వేసే పీవీసీ తొడుగు కాలక్రమంలో జిగురెక్కి అట్టకు అంటుకుపోతుంది. పాలియెస్టర్ తొడుగు అలా చేయదు. అదీ గాలి ఆడకుండా బిగించకూడదు, లోపల తేమ చిక్కుకుంటే గోధుమ రంగు మచ్చలు వస్తాయి. చిరిగిన పేజీకి మామూలు టేపు అంటించడం అన్నింటికంటే పెద్ద తప్పు. టేపు ఊడిపోయినా దాని పసుపు మరక మాత్రం పోదు.

వెన్ను సంగతి వేరు. ఈ పుస్తకాలను కుట్టరు, విడి ఆకులను జిగురుతో వెన్నుకు అతికిస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ జిగురు గట్టిపడి విరుగుతుంది. ముందుకూ వెనక్కూ వందలసార్లు తిప్పడం, ఒకేసారి మూడు చోట్ల వేళ్లు ఇరికించడం వల్ల మామూలు నవలకంటే వీటికి ఆ గతి త్వరగా పడుతుంది. నిటారుగా, మరీ బిగుతుగా కాకుండా, ఎండ తగలని చోట పెట్టడమే మందు.

జంటగా వచ్చిన పుస్తకాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 1986లో వచ్చిన ‘క్లాష్ ఆఫ్ ద ప్రిన్సెస్’ ఇద్దరు ఆడుకునే రెండు పుస్తకాల పెట్టె. ఇద్దరు పిల్లలు చెరొకటి తీసుకున్నాక ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పెట్టెతో సహా రెండూ ఒకేచోట కనిపిస్తే ఆలోచించకండి.

అపోహ: చిన్నప్పటి పుస్తకం బాగా గుర్తుంది, పేరొక్కటే గుర్తులేదు

జ్ఞాపకం రెండు మూడు పుస్తకాలను కలిపి ఒకటి చేస్తుంది. బావిలోకి దిగే మెట్లు, అడుగున కూర్చున్న గుడ్డి కాపలాదారు ఉన్న ఒక పుస్తకం కోసం నేను ఆరేళ్లు వెతికాను. మెట్లు ఒక పుస్తకంలో దొరికాయి, కాపలాదారు వేరే వరుసలో. కథను పక్కనపెట్టి ఆడిన తీరును గుర్తుచేసుకోండి. పాచికలు వేశారా? కళ్లు మూసుకుని అంకెల పట్టిక మీద పెన్సిల్ పెట్టారా? అలాగైతే లోన్ వుల్ఫ్ కావచ్చు. భాగాలకు అంకెలున్నాయా, లేక నేరుగా పేజీ సంఖ్యకే వెళ్లమన్నారా? పేజీ సంఖ్యలైతే చూజ్ యువర్ ఓన్ అడ్వెంచర్ వైపు వెతకండి. చేతులు చేసిన పని బొమ్మల కంటే నమ్మకంగా గుర్తుంటుంది.

అపోహ: కొత్త ముద్రణో, డిజిటల్ ప్రతో వస్తే పాతదానికి పని లేదు

లోన్ వుల్ఫ్ పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా అందించడానికి జో డెవర్ 1999లోనే ప్రాజెక్ట్ ఆన్ అనే అభిమానుల బృందానికి అనుమతి ఇచ్చాడు. 2016లో ఆయన కన్నుమూశాక కూడా కొత్త పాఠకులు ఆ దారినే వస్తున్నారు, వచ్చినవారిలో కొందరు కాగితపు ప్రతులు వెతకడం మొదలుపెడుతున్నారు. పైగా కొత్త ముద్రణ అంటే పాత పుస్తకమే అనుకోకూడదు. మొదటి లోన్ వుల్ఫ్ పుస్తకంలో 350 భాగాలుంటే, 2007లో వచ్చిన విస్తృత ముద్రణలో 550 ఉన్నాయి. రెండూ వేర్వేరు ఆటలు, నా అరలో రెండూ ఉన్నాయి.

అరుదైన ప్రతిని ఆడవచ్చా అని చివరికి అందరూ అడుగుతారు. నేను ఆడతాను. రెండు పక్కలా దిండ్లు పెట్టి పుస్తకాన్ని సగమే తెరుస్తాను. లెక్కలు వేరే కాగితం మీద రాస్తాను, పాచికలు పుస్తకానికి దూరంగా పళ్లెంలో వేస్తాను. వెనక్కి రావడానికి వేలికి బదులు పలచటి కాగితపు ముక్క పెడతాను.