ఫొటోలను పీడీఎఫ్ చేయడం: అపోహలు - వాస్తవాలు

కడపలో నాది డీటీపీ, స్కానింగ్ పని. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు రైతుల పాసుపుస్తకాలు, పిల్లల మార్కుల మెమోలు, పాత దస్తావేజులు ఎక్కువగా ఫోన్‌లో తీసిన ఫొటోలుగానే నా దగ్గరికి వస్తాయి. వాటిని పీడీఎఫ్ చేయడానికి నేను వాడేది ‘ఇమేజ్ టు పీడీఎఫ్’ (img2pdf) అనే చిన్న ఉచిత కమాండ్ లైన్ టూల్, అంటే బటన్లు నొక్కకుండా ఒక లైను టైపు చేసి నడిపే ప్రోగ్రామ్.

అపోహ: పీడీఎఫ్ చేస్తే ఫొటో క్వాలిటీ పోతుంది.

పోవాల్సిన అవసరమే లేదు. జేపెగ్ (ఫోన్ ఫొటోలకు మామూలుగా ఉండే ఫార్మాట్) ఫొటోను ఉన్నది ఉన్నట్టు లోపల పెట్టుకునే ఏర్పాటు పీడీఎఫ్‌లోనే ఉంది. ఉత్తరాన్ని కవర్లో పెట్టినట్టు, ఈ టూల్ చేసేది అంతే. కొన్ని టూల్స్ మాత్రం జేపెగ్‌ను విప్పి, మళ్లీ కుదించి పెడతాయి. క్వాలిటీ పోయేది అక్కడే. ఇమేజ్‌మ్యాజిక్ అనే మరో ఉచిత ఫొటో టూల్‌తో నేరుగా మార్చినా జరిగేది ఇదే. పెళ్లి ఫొటోకైతే ఆ తేడా కంటికి ఆనదు. వెలిసిపోయిన రబ్బరు స్టాంపు, వేలిముద్ర గీతలు, సర్వే నంబరు పక్కన సన్నగా రాసిన సబ్‌డివిజన్ అంకె అలా కాదు. 3 కాస్తా 8లా కనిపిస్తే ఆ కాగితం నమ్ముకున్న మనిషికి ఎంత టెన్షన్! ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

అపోహ: పీడీఎఫ్ చేస్తే సైజు తగ్గుతుంది.

అప్లికేషన్‌లో ‘2 ఎంబీ లోపు’ అని ఉంటే చాలామంది ఇదే నమ్ముకుంటారు. ఫొటోను మార్చకుండా పెట్టినప్పుడు సైజూ మారదు కదా! 4 ఎంబీ ఫొటోలు మూడు పెడితే పీడీఎఫ్ దాదాపు 12 ఎంబీ వస్తుంది. తగ్గించాలంటే ముందు ఫొటోనే చిన్నది చేయాలి. ఏ4 కాగితానికి 150 డీపీఐ (అంగుళానికి 150 చుక్కలు) లెక్కన 1240 × 1754 పిక్సెల్స్ ఉంటే మామూలు ప్రింటు అక్షరాలు చక్కగా చదవొచ్చు. ఈ పనికి ఇమేజ్‌మ్యాజిక్ బాగుంటుంది. అయితే చిన్నది చేసేది కాపీని మాత్రమే. ఒరిజినల్ ఫొటోను ముట్టుకోవద్దు.

అపోహ: కమాండ్లు ఇంజనీర్లకే.

టూల్ పేరు, ఫొటోల పేర్లు, ఆ తర్వాత హైఫన్, ‘ఓ’ అక్షరం, కొత్త ఫైలు పేరు. ఇంతే, ఒక్క లైను. డిగ్రీ పిల్లలు ఒకసారి చూపిస్తే పట్టేస్తారు. పేజీ సైజు ఏ4 అని కూడా చెప్పండి. చెప్పకపోతే ఫొటోలో ఉన్న డీపీఐని బట్టి పేజీ కొలత వేస్తుంది. 72 డీపీఐ అని ఉంటే 4000 పిక్సెల్స్ పొడవున్న ఫొటో 55 అంగుళాలు దాటిన పేజీ అవుతుంది!

పేజీలు తారుమారైతే టూల్‌ను తిట్టొద్దు. పేర్లలో 1, 2, 10 అని ఉంటే కంప్యూటర్ 1 తర్వాత 10ని తీసుకుంటుంది. 01, 02 అని పెట్టండి, సరిపోతుంది.

అపోహ: ఆన్‌లైన్ సైట్లో చేసినా ఒకటే.

ఒకటి కాదు. అక్కడ మీ ఆధార్, పాసుపుస్తకం వేరేవాళ్ల సర్వర్‌కు వెళతాయి. ఈ టూల్ ఒకసారి ఇన్‌స్టాల్ అయ్యాక నెట్ లేకుండానే పనిచేస్తుంది, కాగితం మీ కంప్యూటర్ దాటదు.

అపోహ: పీడీఎఫ్ అయితే అందులో పేరు వెతకొచ్చు.

లోపల ఉన్నది ఇంకా బొమ్మే. వెతకాలంటే ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్‌తో చదివించడం) విడిగా చేయాలి. టెసరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్ టూల్‌కు తెలుగు డేటా ఉంది, శుభ్రమైన ప్రింటుకు పనికొస్తుంది. కరణాల చేతిరాత దస్తావేజులను మాత్రం దానికి అప్పగించకండి, మనిషి కూర్చుని చదవాల్సిందే.