"ఐరన్ నాకు పడదు మేడమ్": గర్భిణుల మాత్రలపై అపోహలు, వాస్తవాలు

చెకప్ రోజున గర్భిణులు వస్తే నేను ముందు అడిగేది స్కానింగ్ రిపోర్టు కాదు, మాత్రల అట్ట. ఎన్ని మాత్రలు ఖాళీ అయ్యాయో లెక్కపెడతాను. విశాఖలో ఏఎన్‌ఎంగా 14 ఏళ్ల నుంచి ఇదే అలవాటు. పోయిన వారం ఒకే పూట నలుగురు నిండు అట్టలు తీసి చూపించారు. నలుగురిదీ ఒకే మాట: "ఐరన్ నాకు పడదు మేడమ్."

అపోహ: వాంతి వచ్చినా, మలం నల్లగా వచ్చినా ఆ మాత్ర ఒంటికి పడలేదని అర్థం. మానేయాలి.

ఎక్కువ నష్టం చేసేది ఇదే, కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను. పేగులు పీల్చుకోగా మిగిలిన ఐరన్ బయటికి పోతుంది కాబట్టి మలం నల్లబడుతుంది. తారులా జిగటగా వచ్చినా, కడుపునొప్పి ఉన్నా డాక్టర్‌కి చెప్పాలి. వికారం, మలబద్ధకం మాత్రం నిజమైన బాధలే. వేవిళ్లతో అసలే నోరు బాగోలేని పిల్లని ఇనుము వాసనొచ్చే మాత్ర మింగమంటే ఎంత కష్టమో నాకు తెలుసు. నా మొదటి కాన్పుకి ముందు పొద్దున్నే కాఫీతో మాత్ర వేసుకుని డ్యూటీకి బస్సెక్కేదాన్ని. మద్దిలపాలెం దాటేలోపే కడుపులో తిప్పేది. మూడో రోజుకి నేనూ "పడదు" అనేశాను. మా సీనియర్ సిస్టర్ మాత్ర మార్చలేదు, వేళ మార్చారు. రాత్రి అన్నం తిన్నాక, పడుకోబోయే ముందు వేసుకోమన్నారు. వికారం మొదలయ్యేలోగా నిద్ర పట్టేసేది.

పెదజాలరిపేట పిల్ల ఒకామెది ఇంకో రకం "పడదు". భర్త తెల్లవారుజామున 3 గంటలకి బోటు మీదకి వెళ్తాడు. తనూ లేచి టీ పెట్టి, ఆ టీతోనే ఎర్ర మాత్ర మింగేది. ఏడో నెలలో రక్తం (హిమోగ్లోబిన్) 8.4 గ్రాములే ఉంది. ఒక్క రోజూ మానలేదని ఏడ్చింది. నిజమే చెప్పింది. కానీ టీ ఆ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. రాత్రి భోజనమయ్యాక నిమ్మరసం నీళ్లతో వేసుకోమన్నాను. తొమ్మిదో నెలకి 10.6 వచ్చింది.

ఆ ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు వేసుకోవాలి. కాన్పు తర్వాత మరో 180 రోజులు. ఇంటికి బిడ్డ రాగానే అందరూ మర్చిపోయేది ఈ రెండో 180 రోజులే. మాత్ర నమలకండి, పైన తియ్యటి పూత పోతే నోరంతా ఇనుమే. గొంతులో ఆగుతుందనేవాళ్లు అరటిపండు ముక్క నమిలి, ఆ గుజ్జులో పెట్టుకుని మింగితే జారిపోతుంది. సిరప్ అయితే స్ట్రాతో తాగి నోరు పుక్కిలించండి, పళ్లకి మరక పట్టదు. క్యాల్షియం మాత్రలు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి తిన్నాక వేసుకోండి. ఐరన్‌కీ వాటికీ కనీసం 2 గంటల తేడా ఉండాలి. పాలతో, గ్యాస్ మాత్రతో కలిపి కూడా ఐరన్ వద్దు. మలబద్ధకానికి జామకాయ, తోటకూర, ఎక్కువ నీళ్లు, సాయంత్రం కాస్త నడక. అప్పటికీ తగ్గకపోతే డాక్టర్ మోతాదు తగ్గించి మెల్లగా పెంచుతారు, లేదా వేరే రకం ఐరన్ రాస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందనే పుకారు వినీ వినీ విసిగిపోయాను. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. మాత్రలో ఐరన్ రక్తానికి పోతుంది, చర్మానికి కాదు. ఈ మాట నమ్మి కోడలి మాత్రలు బియ్యం డబ్బాలో దాచిన అత్తగారిని చూశాను. ఆవిడది చెడ్డ మనసు కాదు, మనవరాలి గురించి భయం. బిడ్డ లావై ఆపరేషన్ అవుతుందన్నదీ అంతే. రక్తం తక్కువైతేనే నెలలు నిండకుండా కాన్పయ్యే, బిడ్డ బరువు తగ్గే ప్రమాదం ఉంది. కాన్పులో అందరికీ పోయే రక్తమే ఆ తల్లికి ప్రాణం మీదికి వస్తుంది.

దానిమ్మ, బీట్‌రూట్ తింటే చాలదా అంటారు. తినండి, మంచిదే. కానీ వాటి ఎరుపు ఐరన్ వల్ల వచ్చింది కాదు. కడుపుతో ఉన్నన్నాళ్లకీ కలిపి అదనంగా దాదాపు 1000 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. 2019-21 జాతీయ సర్వేలో మన దేశంలో 52.2 శాతం గర్భిణులకి రక్తహీనత ఉందని తేలింది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రలు అటక మీద పెట్టండి. ఎర్రగా, తియ్యగా చాక్లెట్‌లా ఉంటాయి. పసివాళ్లు నాలుగైదు మింగినా ప్రమాదమే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆ నలుగురిలో ఒకామెకి నిజంగానే ఏ వేళ వేసుకున్నా వాంతే. రక్తం కూడా బాగా తక్కువుంది. అలాంటివాళ్లకి నరం ద్వారా ఐరన్ ఎక్కిస్తారని ధైర్యం చెప్పి విశాఖ ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి పంపాను. మిగిలిన ముగ్గురికీ వేళ మార్చాను. వచ్చే చెకప్‌కి అట్టలు తెమ్మన్నాను.