రోజువారీ జీవితంలో సువార్త: అపోహలు, వాస్తవాలు

గుంటూరు, విజయవాడ ప్రాంత సంఘాలలో విశ్వాసులకు వ్యక్తిగత సాక్ష్యం గురించి తరగతులు నిర్వహించడం నా పరిచర్య. వాటికి మిర్చి యార్డు గుమాస్తాలు, ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు, నర్సులు, ఆటోనగర్ మెకానిక్‌లు, గృహిణులు వస్తుంటారు. తమ విశ్వాసాన్ని ఇరుగుపొరుగుతో పంచుకోవాలన్న తపన వారికి నిజంగానే ఉంది. దానితోపాటు వారిని వెనక్కి లాగే అభిప్రాయాలూ, తప్పుదారి పట్టించే అభిప్రాయాలూ కొన్ని ఉన్నాయి. నేను తరచుగా వినేవాటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సువార్త చెప్పడం పాస్టర్ల పని. ఉద్యోగాలు చేసుకునేవారు కానుక ఇచ్చి, ప్రార్థిస్తే చాలు.

వాస్తవం: 1842 జూలై 31న ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరుకున్నారన్నది లూథరన్ సంఘాలలో అందరికీ తెలిసిన చరిత్రే. ఆయన వంటి మిషనరీల త్యాగాన్ని తక్కువ చేయలేము. అయితే ఈ నేల మీద సువార్త ఊరి నుంచి ఊరికి నడిచింది ఎక్కువగా మామూలు మనుషుల నోటి ద్వారానే. 1860లలో ఒంగోలు ప్రాంతంలో విశ్వాసంలోకి వచ్చిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి. వ్యాపారం మీద ఊళ్ళు తిరిగే ఆయన తాను నమ్మినదాన్ని ముందుగా తన బంధువులకు, తన వృత్తివారికి చెప్పాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారన్న సంఖ్యను మనం గొప్పగా చెప్పుకుంటాం గాని, ఆ రోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులన్న విషయం, వారి వెనుక పేరయ్య వంటివారి ఏళ్ళ తరబడి మాటలు ఉన్నాయన్న విషయం మరిచిపోతాం. మార్కు సువార్త అయిదో అధ్యాయంలో స్వస్థత పొందినవాడు తన వెంట వస్తానంటే, ప్రభువు అతన్ని ఇంటికి వెళ్ళి తనవారికి చెప్పమన్నాడు గాని శిష్యుల గుంపులో చేర్చుకోలేదు. డోర్నకల్ బిషప్ అజరయ్య బాప్తిస్మం పొందే ప్రతివారి చేతా వారి తల మీద వారి చెయ్యే పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను పలికించేవారు. చదువు రాని వ్యవసాయ కూలీలు కూడా ఆ మాట పలికినవారే.

అపోహ: బైబిలు బాగా తెలియకుండా మాట్లాడితే ప్రశ్నలకు జవాబు చెప్పలేక పరువు పోతుంది.

వాస్తవం: యోహాను తొమ్మిదో అధ్యాయంలోని పుట్టుగ్రుడ్డివాడు పరిసయ్యుల ప్రశ్నలకు వేదాంతంతో జవాబు చెప్పలేదు. ఒకప్పుడు గ్రుడ్డివాడినైన నేను ఇప్పుడు చూస్తున్నానని, తనకు తెలిసిన ఒక్క సంగతినే చెప్పాడు. మనం కూడా తెలిసినంతే చెప్పి, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుంటే వినేవారికి మన మీద నమ్మకం పెరుగుతుంది.

అపోహ: ఎదుటివారి దేవుళ్ళలో లోపాలు చూపిస్తేనే సత్యం తెలుస్తుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ హాని చేసినది ఈ అపోహేనని నా అభిప్రాయం. ఏథెన్సు నిండా విగ్రహాలు చూసి పౌలు మనసు కలత చెందిందని అపొస్తలుల కార్యములు పదిహేడో అధ్యాయం చెబుతుంది. కాని అరేయొపగు అనే నగర సభ మధ్య నిలబడి నోరు తెరిచినప్పుడు ఆయన వారి భక్తిని ప్రస్తావించి, వారి బలిపీఠం దగ్గరే ప్రసంగం మొదలుపెట్టి, వారి కవుల మాటనే ఉదహరించాడు. పంతొమ్మిదో అధ్యాయం ఇంకా గట్టి సాక్ష్యం: ఎఫెసులో అల్లరి చెలరేగినప్పుడు, వీరు మన దేవతను దూషించలేదని చెప్పి పౌలు సహచరులను కాపాడినవాడు క్రైస్తవుడు కాని నగర కరణం. మన వీధిలోని భవానీ దీక్షాపరులు మన గురించి అటువంటి మాట చెప్పగలగాలి. భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ ప్రకారం ద్వేషబుద్ధితో, ఉద్దేశపూర్వకంగా మత విశ్వాసాలను అవమానించడం నేరమన్నది నిజమే గాని, విశ్వాసికి చట్టం గుర్తు చేయాల్సిన అవసరం రాకూడదు. వాట్సాప్ స్టేటస్‌లో వేరే మతాన్ని వెక్కిరించే వీడియో పెట్టినవారు ఉదయం పక్కింటివారికి శుభాకాంక్షలు చెప్పినా, ఆ ఇంట్లో వారి సాక్ష్యం అప్పటికే చెల్లకుండా పోయి ఉంటుంది.

అపోహ: మత ప్రచారమే ఈ రోజుల్లో నేరం. దీనికి ఎదురుగా ఇంకొకటి: రాజ్యాంగం హక్కు ఇచ్చింది కనుక ఎక్కడైనా, ఎలాగైనా చెప్పవచ్చు.

వాస్తవం: రెండూ తప్పే. రాజ్యాంగం 25వ అధికరణం ప్రతి వ్యక్తికీ మనస్సాక్షి స్వేచ్ఛను, తన మతాన్ని అవలంబించి, ఆచరించి, ప్రచారం చేసుకునే హక్కును ఇస్తూ, దాన్ని ప్రజాశాంతికి, నైతికతకు, ప్రజారోగ్యానికి లోబరిచింది. ప్రచారమంటే తన మత సిద్ధాంతాలను వివరించి చెప్పడమే గాని ఎదుటివారిని మతం మార్చే హక్కు కాదని స్టానిస్లాస్ కేసులో 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ తీర్పు గురించి విన్నప్పుడు మనవారిలో కొందరు నొచ్చుకుంటారు. నాకు మాత్రం ఇందులో విశ్వాసానికి పరాయిది ఏదీ కనిపించదు, ఎందుకంటే మనసు మార్చేది దేవుడేనని మనం నమ్ముతున్నాం.

నోటిఫై చేసిన ప్రార్థనా స్థలాల్లో ఇతర మత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ చట్టాన్ని ప్రతి సంఘమూ తెలుసుకోవాలి. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి క్యూల దగ్గర కరపత్రాలు పంచుదామని ఉత్సాహపడే యువకులకు నేను చట్టం కంటే ముందు మర్యాద గురించి చెబుతాను. ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు కొండెక్కుతున్న భక్తుల చేతిలో ఎవరైనా వేరే మత కరపత్రం పెడితే వారికి ఎలా ఉంటుందో ఆలోచించమంటాను. ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులకు ఇంకొక హద్దు ఉంది: పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మత బోధ ఉండకూడదని 28వ అధికరణం చెబుతుంది. కనుక తరగతి గదిలో వారి సాక్ష్యం వేళకు రావడంలోను, ఏ పిల్లవాడినీ వేరుగా చూడకపోవడంలోను కనిపిస్తే చాలు. జీతమిచ్చే యజమాని పనివారితో, అధికారి కిందివారితో మాట్లాడేటప్పుడు కూడా ఇంతే జాగ్రత్త అవసరం. కాదనే స్వేచ్ఛ లేనివారు అవునన్నా దాన్ని సమ్మతిగా లెక్కించకూడదు.

అపోహ: కష్టంలో ఉన్నప్పుడే మనసు మెత్తగా ఉంటుంది, కనుక సాయంతోపాటే సువార్త అందించాలి.

వాస్తవం: 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి కల్పించారు. బాప్తిస్మం కోరి వచ్చినవారు ఎందరో ఉన్నా, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపివేశారు. పైన చెప్పిన 2,222 మంది సహాయం ముగిశాక వచ్చినవారు. బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీట మునిగిన 2024 సెప్టెంబరు వంటి రోజుల్లో భోజనం పొట్లాలు పంచే సంఘాలకు నేను ఈ సంగతి చెబుతాను. పొట్లంతో కరపత్రం పెట్టకండి. ఎందుకు చేస్తున్నారని వారే అడిగితే అప్పుడు సంకోచం లేకుండా చెప్పండి. పేతురు తన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో కోరినది కూడా అడిగినవారికి సాత్వికంతో జవాబు చెప్పడమే.

జబ్బు విషయం ఇంకా సున్నితమైనది. పేషెంటు ఒప్పుకుంటే మంచం పక్కన కూర్చుని ప్రార్థించండి, కాని షుగరు మాత్రలు గాని, క్షయ మందులు గాని ఆపమని ఎవరికీ, ఎప్పుడూ చెప్పకండి. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ప్రార్థించేవారు, వైద్యమూ చేసేవారు. కొన్ని జబ్బులను మహిమలతో నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం నేరమని స్వస్థత కూటాల పోస్టర్లు అచ్చు వేయించేవారు గమనించాలి.

అపోహ: వెంటనే నిర్ణయం తీసుకునేలా చేయాలి. ఇబ్బందుల సంగతి తరువాత చెప్పవచ్చు.

వాస్తవం: శిష్యుడు కాగోరేవాడు ముందుగా ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువే లూకా పద్నాలుగో అధ్యాయంలో చెప్పాడు. మన రాష్ట్రంలో ఆ ఖర్చుకు ఒక చట్టపరమైన రూపం కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకు, 1956 సవరణతో సిక్కులకు, 1990 సవరణతో బౌద్ధులకు వర్తిస్తుంది గాని క్రైస్తవులకు వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవ్యంలోకి వచ్చినవారు వెనుకబడిన తరగతుల్లోని సీ గ్రూపు (బీసీ-సీ) కిందకు వస్తారు. ఈ నియమం న్యాయమైనది కాదని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊరు వారిని చూసే చూపు మారడం లేదు. అయినా అది అమలులో ఉన్నంతకాలం, బాప్తిస్మం కోరేవారికి దాన్ని ముందుగా చెప్పకపోవడం మోసమే అవుతుంది. వచ్చినవారితో నేను ఈ సంగతి దాచకుండా మాట్లాడి, ఇంట్లోవారికి తెలుసా అని అడుగుతాను. తెలియదంటే, ముందు అమ్మానాన్నలకో, పెళ్ళయినవారైతే జీవిత భాగస్వామికో చెప్పి రమ్మంటాను, వారు ఇష్టపడితే నేనే వెళ్ళి కలుస్తాను. పద్దెనిమిదేళ్ళు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ముందుకు వెళ్ళను.